స్క్రూకి పట్టు కట్టినవాళ్ళు

పిచ్చుకలపాలెంలో వివరంవారి కుటుంబం అని ఒకటుంది. అసలు ఇంటిపేరు వేరే. మాకున్నంత వివరం ఈ చుట్టుపక్కల ఎవరికీ లేదని వాళ్ళే రోజుకి నాలుగుసార్లు చెప్పుకోబట్టి ఊరు వాళ్ళకా పేరు తగిలించింది. వెక్కిరింతకి తగిలించారని వాళ్ళకి తెలియదు. చెప్పినా నమ్మరు. ఇంటి పెద్ద వీరాస్వామి ఆ పేరుని గుమ్మం మీద ఎర్రరంగుతో రాయించుకున్నాడు కూడా.

వాళ్ళ వివరమల్లా ఒకటే, చెప్పిన మాట చెప్పినట్టు చెయ్యడం. వీరాస్వామి తమ్ముడు కోటిలింగానికి జ్వరమొస్తే డాక్టరు మాత్రలిచ్చి, అన్నం మీద వేసుకోమన్నాడు. అంతే, కోటిలింగం పూటపూటా అన్నం మీద ఒక మాత్ర పెట్టుకుని, దాన్ని తాకకుండా చుట్టూ తిని లేచేవాడు. జ్వరం తగ్గలేదు. ఆ డాక్టరుకి చదువు రాదని ఇంటిల్లిపాదీ తేల్చారు.

ఈ ఇంట్లో అందరికన్నా వివరమైనది వీరాస్వామి పెళ్ళాం మంగతాయారు. అది మంగతాయారు అభిప్రాయం. ఆవిడకి లోకంలో ఒక్కటే బాధ, తన అన్నగారి భార్య సామ్రాజ్యం. పాతికేళ్ళుగా ఆ వదిన ఏ పెళ్ళిలోనూ, ఏ పేరంటంలోనూ ఆవిడని నవ్వులపాలు చెయ్యకుండా వదల్లేదు. మీ ఇంట్లో దీపం పెట్టి వెతికినా బుద్ధి దొరకదమ్మా అని ఓసారి అందరి ముందూ అనేసింది. మా ఇంట్లో కరెంటుంది, దీపంతో పనేమిటని మంగతాయారు గట్టిగానే జవాబు చెప్పింది. అయినా జనం ఈవిణ్ణే చూసి నవ్వారు. ఎందుకు నవ్వారో ఆవిడకి ఇప్పటికీ అంతుపట్టలేదు, ఆ అవమానం మాత్రం కడుపులో అలాగే ఉండిపోయింది.

ఇప్పుడు సామ్రాజ్యం కూతురి పెళ్ళి వచ్చింది. ఆరు మైళ్ళ అవతల కొత్తరేవులో. సరిగ్గా అదే నెలలో వీరాస్వామి ఒక క్యారవాన్ కొన్నాడు. సినిమావాళ్ళు షూటింగులకి తిప్పి తిప్పి అరగ్గొట్టి వదిలేసిన బండి. అయితేనేం, లోపల మంచముంది, పొయ్యి ఉంది, నిలువుటద్దముంది. ఇంకేముంది, మంగతాయారుకి కొండంత ఆలోచన వచ్చింది. ఆ బండిలో పాతచీరతో బయల్దేరాలి. పెళ్ళిపందిరి పక్కనే ఆపించి, లోపలే కొత్త పట్టుచీర కట్టుకుని దిగాలి. చక్రాల మీద ఇల్లున్నదని చూసి సామ్రాజ్యానికి కళ్ళు కుట్టాలి.

పెళ్ళి రెండురోజులుందనగా ఆవిడ క్యారవాన్ కిటికీ తెర లాగి చూసుకుంది. లాగితే దిగి, వదిలితే చుట్టుకుపోయే రకం తెర అది. లాగగానే తెర, దాన్ని పట్టి ఉంచే క్లాంపులు, స్క్రూలు అన్నీ కలిసి ఊడొచ్చి నెత్తిన పడ్డాయి. మంగతాయారు నెత్తి సంగతి మరిచిపోయి, తెర లేని కిటికీ ముందు పెళ్ళివారంతా చూస్తుండగా చీర మార్చుకోవడం ఎలాగా అని కూలబడింది. తెర నిలిస్తే పరువు నిలిచినట్టు. అది పడితే సామ్రాజ్యం ఇంకో పాతికేళ్ళు చెప్పుకుని నవ్వుతుంది.

వడ్రంగి కనకాచారిని పిలిపించారు. ఆయన గోడ మీద వేలితో కొట్టి చూసి పెదవి విరిచాడు.

“ఇది గోడ కాదమ్మా, అప్పడం. పైన పల్చటి చెక్క, లోపలంతా థర్మాకోల్. స్క్రూకి మంచి పట్టు ఉండాలి, గోడకి వెనకనుంచి దన్ను ఉండాలి. అవి కుదిరాక మెల్లగా తిప్పితే చాలు, ఎక్కడ ఆపాలో స్క్రూయే చెబుతుంది,” అన్నాడు.

రేపు చెక్కముక్కలు తెచ్చి తనే బిగిస్తానని చెప్పి వెళ్ళిపోయాడు. ఆయన అటు వెళ్ళగానే కోటిలింగం గోడని నాలికతో తాకి చూసి ఉప్పు లేదన్నాడు. పని గుట్టంతా చెప్పేసి వెళ్ళాడు కదా, మనకి వివరం లేదా, ఇంక ఆయన రావడమెందుకని వీరాస్వామి కబురంపి ఆచారిని రావద్దన్నాడు.

ముందు పట్టు. పంచెలూ తువ్వాళ్ళూ పనికిరావు, మంచి పట్టు అన్నాడాయన. ఇంట్లో ఉన్న మంచి పట్టు ఒక్కటే, పెళ్ళికని కొన్న ధర్మవరం చీర. చిలకాకుపచ్చ, కుంకుమరంగు అంచు. దాని మీద కత్తెర పెడుతుంటే మంగతాయారు గుండె కలుక్కుమంది. కానీ పరువు కన్నా చీర ఎక్కువా? కళ్ళు తుడుచుకుని కొంగు మొత్తం కత్తిరించి, ఎనిమిది పేలికలు చేసి, ఎనిమిది స్క్రూలకీ ముద్దుగా చుట్టబెట్టింది.

కొంగు లేని చీర ఎలా కట్టుకుంటావని వీరాస్వామికి అనుమానం వచ్చింది. అతనికి ఏడాదికొకసారి ఇలాంటి అనుమానం వస్తుంది, నిలవదు. మా వదిన ఎప్పుడూ నా కొంగు పట్టుకుని ఆపి మరీ వెక్కిరిస్తుంది, ఇప్పుడేం పట్టుకుంటుందో చూస్తానంది మంగతాయారు. అంత దూరాలోచన ఉన్న మనిషి తనకి భార్య అయినందుకు వీరాస్వామి మురిసిపోయాడు.

తర్వాత దన్ను. కోటిలింగం బండి బయట నిలబడి, కిటికీ పక్కన గోడకి వీపు ఆనించాడు. దన్నుగా ఉన్నవాడు కదలకూడదు, మెదలకూడదు, నోరెత్తకూడదని అన్న ఆజ్ఞ. లోపల వీరాస్వామి స్క్రూ తిప్పుతున్నాడు, మంగతాయారు గోడకి చెవి ఆనించి వింటోంది. తిప్పాడు, తిప్పాడు. స్క్రూ చాలు అనలేదు. తలకాయతో సహా గోడలోకి దిగిపోయి థర్మాకోల్లో పడింది. రెండోదీ అంతే. మూడోదీ అంతే. ఎనిమిదీ పట్టు కట్టుకుని గోడలోకి పోయాయి గాని ఒక్కటీ నోరు విప్పలేదు. ఇవి మూగ స్క్రూలని తేలింది.

వీరాస్వామి ఇనపకొట్టుకి వెళ్ళి, మూగవి వద్దు, నోరున్నవి కావాలన్నాడు. వివరంవారి సంగతి కొట్టువాడికి తెలియనిదా? చేతికి తగిలిన వాటిల్లో అన్నిటికన్నా పొడుగైనవి ఏరి, ఇవి ఎవరి చేతనైనా మాట్లాడిస్తాయి తీసుకుపొమ్మన్నాడు. చీరలో ఇంకో మూర పోయింది. మళ్ళీ పట్టు కట్టారు, క్లాంపు పెట్టారు, తిప్పారు. నాలుగు అంగుళాల స్క్రూ అంగుళం గోడ దాటితే ఎక్కడికి పోతుంది? కోటిలింగం వీపులోకి పోయింది. పాపం, వాడు అన్న మాట మీద నిలబడేవాడు. పళ్ళు బిగించి, చెమటలు కక్కుతూ, ఓర్చుకోగలిగినంతసేపు ఓర్చుకున్నాడు. ఆఖరికి గోడ అవతలనుంచి సన్నగా ఒక గొంతు వినిపించింది.

“చాలు.”

మంగతాయారు ఒళ్ళు పులకరించింది. స్క్రూ మాట్లాడింది. గొంతు అచ్చం మన కోటిలింగం గొంతులాగే ఉంది, మన ఇంటి గాలి పట్టేసినట్టుందని మొగుడితో చెప్పి సంతోషపడింది. మిగతా స్క్రూలు ఇంకా తొందరగా చాలన్నాయి. తెర లాగితే నిలిచింది.

పని అయిపోయిందని కోటిలింగం ఇవతలకి అడుగేశాడు. చొక్కా వీపు భాగం స్క్రూలకే చిక్కుకుని ఉంది. అడుగు వెయ్యడంతోనే ఆ చొక్కాపేలిక స్క్రూలనీ, స్క్రూలు క్లాంపులనీ, క్లాంపులు తెరనీ లాక్కుని వదులైపోయి అన్నీ కిందపడ్డాయి. వీరాస్వామి తమ్ముణ్ణి మందలించాడు. దన్ను తీసేస్తే పడదా మరి? వాణ్ణి మళ్ళీ నిలబెట్టి మళ్ళీ బిగించారు. దన్ను ఉన్నంతసేపే తెర ఉంటుందని అర్థమైపోయింది కాబట్టి, ఇక పెళ్ళి అయ్యేదాకా కోటిలింగం కదలకూడదనుకున్నారు.

పెళ్ళినాడు తెల్లవారుతూనే బయల్దేరారు. ముహూర్తం పదకొండుకి. వీరాస్వామి బండి నడుపుతున్నాడు, కోటిలింగం వీపు గోడకి ఆనించి, పీతలాగా పక్క అడుగులు వేస్తూ బండితోపాటు నడుస్తున్నాడు. అడుగు తప్పితే తెర పడుతుంది, బండి తొందరపడితే కోటిలింగం పడతాడు. వెనక బస్సులూ ట్రాక్టర్లూ లారీలూ అర మైలు పొడుగునా నిలిచిపోయి హారన్లు కొడుతున్నాయి. మన బండికి ఇంత మేళతాళాలా అని మంగతాయారు కిటికీలోంచి అందరికీ నమస్కారం పెట్టింది.

రైలు గేటు దగ్గర ఆగినప్పుడు మజ్జిగ అమ్ముకునే ముసలమ్మ ఒకామె కోటిలింగం వీపు చూసి హడలిపోయి సంగతేమిటని అడిగింది. మంగతాయారు మొదటినుంచీ చెప్పింది. ముసలమ్మ నుదురు కొట్టుకుంది.

“కిటికీ ఉండబట్టే కదమ్మా ఈ తెర గొడవంతా. అంత సిగ్గున్నదానివి ఆ కిటికీయే లేకుండా చేసుకో,” అంది.

నాలుగు చెక్కలు అడ్డంగా కొట్టించుకోమని ఆ ముసలమ్మ ఉద్దేశం. వివరంవారికి ఉద్దేశాలతో పనేమిటి? ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంత చిన్న విషయం తట్టలేదేమా అని వీరాస్వామి సిగ్గుపడ్డాడు. అంతే, జాకీ రాడ్డు తీసి చట్రం కింద దూర్చి పెకలించాడు. తెర పోయింది, అద్దం పోయింది, చట్రం పోయింది, దాంతోపాటు రెండు బారల గోడ అప్పడం విరిగినట్టు విరిగి రోడ్డు మీద పడింది. ఊడిన కిటికీని ముసలమ్మకే బహుమానంగా ఇచ్చేశారు. ఆమె వద్దంటున్నా వినలేదు.

ఇంకేముంది, కోటిలింగం బండెక్కి కూచున్నాడు. కిటికీ లేదు కాబట్టి తెర అక్కర్లేదు, తెర అక్కర్లేదు కాబట్టి దన్ను అక్కర్లేదు. బండి ఊపందుకుంది.

ముహూర్తానికి అరగంట ముందు కొత్తరేవు చేరారు. అందరికీ కనబడాలని వీరాస్వామి బండిని పందిరికి ఆనించి, పెకలించిన వైపు పీటలకి ఎదురుగా వచ్చేట్టు ఆపాడు. మంగతాయారు తలుపు గడియ వేయించి, అన్నదమ్ములిద్దరినీ గుమ్మం దగ్గర అటు తిరిగి కాపలా ఉండమంది. కొంగు లేని చీర మడత విప్పింది. పాతికేళ్ళలో ఆవిడ మనసు అంత నెమ్మదిగా ఎప్పుడూ లేదు. నిలువుటద్దం ముందు నిలబడి, పాతచీర కుచ్చిళ్ళు ఊడదీసింది.

బయట సన్నాయి ఆగిపోయింది. పురోహితుడు మంత్రం మధ్యలో కళ్ళు మూసుకున్నాడు. మగపెళ్ళివారు ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. పెళ్ళికూతురి తల్లి సామ్రాజ్యం తలంబ్రాల పళ్ళెం పక్కన పడేసి, కింద పరిచిన జంపఖానా లాక్కుని పరిగెత్తుకొచ్చి, ఆ కంతకి రెండు చేతులా అడ్డం పట్టింది. ఊరు ఊరంతా చూస్తోంది, నీకు మతి ఉందా, నా పిల్ల పెళ్ళి పాడుచెయ్యకు తల్లీ అని ఏడ్చినంత పని చేసింది.

మంగతాయారుకి కోపం రాలేదు, జాలేసింది.

“వదినా, కాస్త వివరంగా ఆలోచించు. ఈ బండికి కిటికీయే లేదు. ఎవరైనా ఎలా చూస్తారు?” అంది.

సామ్రాజ్యం ఆ కంత వంక చూసింది, మంగతాయారు వంక చూసింది. పాతికేళ్ళలో మొదటిసారి ఆడపడుచుకి జవాబు చెప్పలేకపోయింది. జంపఖానా చేతుల్లోంచి జారిపోయింది. ఆ మౌనం చూసి మంగతాయారు పొంగిపోయింది. అయినా వదినలాంటి పెద్దమనిషి ఊరంతా చూస్తోందని అంత ఖచ్చితంగా చెప్పాక ఒకసారి రూఢి చేసుకోవడం మంచిదనిపించి మొగుణ్ణి పిలిచింది. వీరాస్వామి వచ్చి, ఆ కంతలోంచి నడుము దాకా బయటికి వంగి, కింద నిలబడ్డ మూడొందలమంది పెళ్ళివారి ముందు బండి గోడని ఆ కొసనుంచి ఈ కొసదాకా తడిమి చూశాడు.

“నిజమే, అక్కయ్యగారూ, కిటికీ ఎక్కడా లేదు,” అన్నాడు.