నక్క గవరయ్య తెచ్చిన తీర్మానం

ఏడాకుల కోనలో జంతువులకి ఏ లోటున్నా ఉండొచ్చు గానీ మాటలకి మాత్రం లోటు లేదు. అందరికంటే ఎక్కువ మాట్లాడేది గవరయ్య అనే నక్క. అందరికంటే తక్కువ మాట్లాడేది పైడన్న అనే అడవిదున్న. అయినా సరే, పెద్దకొండ మీద జరిగే సభకి మన తరఫున ఎవరు వెళ్లాలని అడిగినప్పుడు కోన కోనంతా వెళ్లి పైడన్న వెనకాల నిలబడింది. గవరయ్య వెనకాల నిలబడింది వాళ్లావిడ సూరమ్మ ఒక్కతే. ఆవిడ కూడా అటువైపు నీడగా ఉందని వచ్చిందంటారు, నిజమెంతో నాకు తెలీదు.

ఆ రోజు నుంచి గవరయ్యకి కడుపుమంట పట్టుకుంది. పైడన్న సభకి బయల్దేరితే మంట, తిరిగొస్తే మంట. ఎవరైనా "పైడన్నగారు" అన్నారా, ఆ పూట గవరయ్యకి అన్నం సయించేది కాదు.

అన్నమంటే, గవరయ్య సంసారం గడిచేది కొండ కింద ఊళ్లోని కోళ్ల మీద. సందెవేళ ఇల్లాళ్లు కోళ్లని గంపల కింద మూసేలోపు ఒకదాన్ని నోట కరుచుకుని వచ్చేసేవాడు. కోడి పోతే ఊరివాళ్లు ఊరుకుంటారా? కుక్కల్ని, వలల్ని తీసుకుని కోన మీద పడేవారు. దొంగ ఎప్పుడూ దొరకలేదు. దొరికేవి కుందేళ్లు, పందిపిల్లలు. ముసలి ఎర్రమ్మ అనే అడవిపంది అలాగే ఒక పిల్లని పోగొట్టుకుంది. దొంగ ఎవరో అందరికీ తెలుసు, కానీ గవరయ్య నోటికి జడిసి ఎవరూ పైకి అనేవారు కాదు.

సభ ముగిసిన ప్రతిసారీ పైడన్న వాగు ఒడ్డున రాతి దగ్గర నిలబడి ఏం జరిగిందో, ఏం జరగలేదో అందరికీ చెప్పేవాడు. ఈసారి కూడా పైడన్న తిరిగొచ్చాడన్న కబురు రాగానే గవరయ్య బయల్దేరాడు.

"నువ్వు వెళ్లకు" అంది సూరమ్మ. "విని వచ్చి నన్ను సాధిస్తావు."

"వెళ్లకపోతే ఎలాగ? ఆ మొహం చూడ్డానికి ఎంతమంది పోగయ్యారో చూడాలిగా."

"చూసి?"

"చూసి ఏడుస్తాను. నా ఏడుపు నాది, నీకేం నష్టం?"

సూరమ్మ పిల్లల్ని గుహలో పడుకోబెట్టి తనూ వెనకే వచ్చింది.

వెళ్లి చూస్తే వాగు ఒడ్డున కాలు పెట్టే చోటు లేదు. కుందేళ్లు ముందు వరసలో, దుప్పులు వెనకాల, కొండముచ్చులు చెట్ల మీద. ఎర్రమ్మ మిగిలిన పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఇంతమంది ఎదురుచూసేది ఆ దున్నపోతు కోసమా అనుకునేసరికి గవరయ్యకి ఒళ్లు మండిపోయింది.

పైడన్న మొదలుపెట్టాడు. "ఎండాకాలం నీళ్ల సంగతి సభలో అడిగాను. ఏనుగులవాళ్లు ఒప్పుకున్నారు. వాగు ఎండిపోగానే వచ్చి ఇసకలో చెలమలు తవ్విపెడతారు. మనం వేరే కోనకి వలస పోనక్కర్లేదు."

అంతవరకు చెప్పి నెమరు వేయడం మొదలుపెట్టాడు. అది అతని అలవాటు. ఒక సంగతి చెబుతాడు, కాసేపు నెమరు వేస్తాడు, తర్వాత ఇంకో సంగతి. ఆ సందులో కొండముచ్చులు చప్పట్లు కొట్టబోతుంటే గవరయ్య చటుక్కున రాయి ఎక్కేశాడు.

"చెలమల మాట నాది. వెళ్లేటప్పుడు దారిలో ఆపి నేనే చెప్పి పంపాను. పాపం, మర్చిపోకుండా చెప్పాడు."

చప్పట్లు సగం ఇటు, సగం అటు పడ్డాయి. ఆ సగానికే గవరయ్య తోక నిటారుగా లేచింది.

పైడన్న మింగాడు. "సరే. రెండోది కార్చిచ్చు. మంట ఒక కొండ నుంచి ఇంకో కొండకి పాకకుండా మధ్యలో గడ్డి ముందే మేసేయాలని తీర్మానం అయింది. మేసేవాళ్లందరం తలా కాస్త వంతు వేసుకుందాం."

మళ్లీ నెమరు. మళ్లీ గవరయ్య.

"ఇదీ నేను చెప్పిందే. గడ్డి తినని నాకు గడ్డి మీద ఇంత ధ్యాస ఎందుకు? మీ మీద ప్రేమ కొద్దీ."

ముందు వరసలోంచి ఒక కుందేలు అడిగింది. "ఇప్పపూల సంగతి ఏమైంది, పైడన్నగారూ? ఎలుగులు మమ్మల్ని చెట్టు కిందకి రానివ్వటం లేదు."

గవరయ్యకి ఆ 'గారు' ముల్లులా గుచ్చుకుంది.

"అది కాలేదమ్మా" అన్నాడు పైడన్న. "అడిగాను. ఎలుగులు ఒప్పుకోలేదు, సభ నడిపే పులిగారు వచ్చే సభకి వాయిదా వేశారు. అప్పుడు మళ్లీ అడుగుతాను. అవుతుందని మాట మాత్రం ఇవ్వలేను."

"అదొక్కటీ ఆయనకే వదిలేశాను. అందుకే కాలేదు" అన్నాడు గవరయ్య.

కొండముచ్చులు పగలబడి నవ్వాయి. ఎంతో కాలానికి కోన తన మాటకి నవ్వింది. గవరయ్యకి ఒళ్లు తెలియలేదు. సూరమ్మ రాతి దగ్గరికి వచ్చి, "చాల్లే, ఇక దిగు" అని మెల్లగా అంది. వింటేనా.

పైడన్న ఈసారి చాలాసేపు నెమరు వేశాడు. నవ్వుతున్న కొండముచ్చుల్ని చూశాడు, ఎర్రమ్మని చూశాడు, తర్వాత గవరయ్యని చూశాడు.

"ఇంకొకటి ఉంది. అన్నిటికంటే పెద్దది. దీనికోసం సభలో సింహంగారే లేచి నిలబడి, ఈ మాట అడిగినవాడిది గొప్ప మనసు అన్నారు. అదెవరో చెప్పాలా వద్దా అని..."

నోట్లో మాట నోట్లో ఉండగానే గవరయ్య అందుకున్నాడు. "చెప్పడానికి సిగ్గెందుకు? ఆ మాటా నాదే."

"ఏమిటో నేనింకా చెప్పలేదు, తమ్ముడూ."

"నాది నాకు తెలీదా? అసలు సభలో జరిగిన మంచి ఏదైనా నాది కాకపోతే ఎవరిది?"

సింహం నోట పైడన్న పేరు వచ్చి ఉంటుందేమో అన్న తలపుకే వాడికి గుండెలో నిప్పు పోసినట్టయింది. ఆ ఒక్క గొప్ప దున్నకి దక్కకుండా పోతే చాలు.

"బాగా ఆలోచించుకో" అన్నాడు పైడన్న. "కాదంటే ఇప్పుడే చెప్పు. ఎవరూ ఏమీ అనుకోరు. తర్వాత వెనక్కి తీసుకోకూడదు."

సూరమ్మ తోక పట్టి లాగింది. గవరయ్య విదిలించుకున్నాడు.

"ఇంతమంది ముందు చెబుతున్నా. నాదే, నాదే, నాదే."

పైడన్న అందరివైపూ తిరిగాడు. "అయితే వినండి. మన కోన మీద కుక్కలు, వలలు ఎందుకు పడుతున్నాయో మీకు తెలుసు. ఇవాళ్టి నుంచి ఏడాకుల కోనవాళ్లెవరూ ఊరి కోడి జోలికి వెళ్లకూడదని తీర్మానం అయింది. కోడి పోకపోతే ఊరివాళ్లు రారు. ఎవరైనా ఊళ్లోకి దిగుతారేమో చూడ్డానికి కోన మొదట్లో కాపలా ఉండాలి. ఆ కాపలా, తీర్మానం అడిగినవాడే కాయాలన్నారు. అడిగింది గవరయ్య. తన కూడు తానే వదులుకుని మన పిల్లల్ని కాపాడాడు."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అంత ఆశ్చర్యపోయారు. గవరయ్య నోరు తెరిచాడు. కాదంటే అబద్ధాలకోరు అవుతాడు, ఔనంటే ఇంటిల్లిపాదీ పస్తు. మింగలేక కక్కలేక అలాగే నిలబడిపోయాడు.

అప్పుడు ఎర్రమ్మ లేచింది. మోకాళ్లు పట్టేసిన ముసలిది, జనాన్ని తోసుకుంటూ రాతి దగ్గరికి వచ్చింది.

"నిన్ను రోజూ తిట్టుకున్నాను, నాయనా" అంది కళ్లనీళ్లు పెట్టుకుని. "నా బిడ్డ పోయింది నీ వల్లే అనుకున్నాను. నీది ఇంత మనసని తెలీదు. గవరయ్యగారూ, నీ పిల్లలు చల్లగా ఉండాలి."

ఆ తర్వాత కోనంతా ఒక్కసారిగా గిట్టలు నేలకి కొట్టింది. వాగులో నీళ్లు కదిలాయి. పైడన్నకి ఏనాడూ అంత చప్పుడు రాలేదు.

అందరూ వెళ్లిపోయాక గవరయ్య దున్న దగ్గరికి చేరాడు. "అన్నా, నిజం చెప్పు. ఆ మాట అడిగింది ఎవరు?"

"నువ్వే కదా. అందరి ముందూ చెప్పావు."

"ఇంత పని చేస్తావా? నా పిల్లలు ఏం తినాలి?"

"వాగులో పీతలున్నాయి, పొలంగట్ల మీద ఎలుకలున్నాయి. నీతో పాటు వచ్చి చూపిస్తాను. నేను నోరు విప్పి ఈ తీర్మానం చెబితే నువ్వు సాగనిచ్చేవాడివా? దారి పొడుగునా అదే దిగులు పడుతూ వచ్చాను. నువ్వే దిగులు తీర్చావు, తమ్ముడూ."

వానలు పడే నాటికి ఊరివాళ్లు కోనలోకి రావడం మానేశారు. గవరయ్య కోన మొదట్లో కూర్చుని, కింద ఇళ్ల ముందు నిర్భయంగా గింజలు ఏరుకుంటున్న కోళ్లని చూస్తూ కాపలా కాస్తున్నాడు. కాపలా తప్పించుకోవడానికి లేదు. అటుగా వెళ్లే ప్రతివాళ్లూ ఆగి, "దండాలు గవరయ్యగారూ" అని పలకరించి మరీ వెళ్తారు. పక్కనే పైడన్న తీరిగ్గా గడ్డి మేస్తుంటాడు. అతన్నిప్పుడు ఎవరూ పెద్దగా పట్టించుకోరు. అయినా ఆ గడ్డి నమిలే చప్పుడు వింటే గవరయ్యకి మళ్లీ కడుపుమంటే.

ఒక సాయంత్రం సూరమ్మ పీత ఒకటి తెచ్చి అతని ముందు పెట్టింది. గవరయ్య మొహం తిప్పుకున్నాడు.

"తిను" అంది సూరమ్మ. "కోరుకున్నట్టే కోనంతా నీ పేరే చెప్పుకుంటోంది. పిల్లలు కూడా అడుగుతున్నారు, కోడికూర మాన్పించిన గొప్పాయన మా నాన్నేనా అని."

నీతి: పక్కవాడికి పేరు రాకూడదని దాన్ని లాక్కునేవాడు, ఆ పేరుతో వచ్చే బరువు కూడా తానే మోయాలి.