సూరమ్మ ఎడమచెయ్యి

జోగారావు మాస్టారిని ఇంగ్లీషు మాటకి అర్థం అడిగితే అర్థం చెప్పేవారు కాదు. "ఆ మాట నీకెక్కడ ఎదురైంది?" అని తిరిగి మననే అడిగేవారు. డిక్షనరీ ఆయన కుర్చీ పక్కనే ఉండేది గానీ, దాని మీద కళ్లజోడు డబ్బా పెట్టుకోవడానికి తప్ప ఆయన దాన్ని వాడగా నేను చూడలేదు. రిటైరయ్యాక రావులపాలెంలో తమ ఇంటి వరండాలోనే ఆదివారాలు పెద్దవాళ్లకి ఇంగ్లీషు చెప్పేవారు. మేం అయిదుగురం వెళ్లేవాళ్లం. గబగబా నాలుగు ముక్కలు నేర్చుకుని ఇంటికి పోదామనుకునే నాబోటివాడికి ఆయన పద్ధతి ఒళ్లు మండించేది. ఇప్పుడు ఒప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు.

ఓ ఆదివారం నాగవేణి గారు 'ఎక్స్‌పెక్టేషన్' అంటే ఏమిటండీ అని అడిగారు. ఆవిడ ఓ ప్రైవేటు ఆస్పత్రిలో హెడ్ నర్సు. ఎక్కడ ఎదురైందన్నారు మాస్టారు, ఎప్పటిలాగే. ఆవిడ సంచిలోంచి మడతపెట్టిన ఫారం ఒకటి తీశారు. ఎస్తేరు అనే అమ్మాయి వాళ్ల దగ్గర ట్రైనింగుకి చేరిందట. ఆర్నెల్ల గడువు ఆ వారంతో సరి. ఉంచుకోవడమా పంపెయ్యడమా అన్నది నాగవేణి గారి చేతిలో ఉంది. ఫారంలో 'బిలో ఎక్స్‌పెక్టేషన్స్' అని ఓ గడి ఉంది. అందులో టిక్కు పడితే ఆ పిల్ల పెట్టె సర్దుకోవాల్సిందే.

"ఆశ అనుకుంటే పొసగట్లేదండి. అంచనా అన్నా సరిపోవట్లేదు. దేనికి టిక్కు పెడుతున్నానో తెలీకుండా పెట్టబుద్ధి కావడం లేదు," అన్నారావిడ.

పిల్ల మంచిదేనట. రోగులతో మెత్తగా ఉంటుంది. కానీ డాక్టరు రౌండ్సుకి వస్తే అందరి వెనకా నిలబడుతుంది. ఎవరో ఒకరు చెబితే తప్ప దేన్నీ ముట్టుకోదు. ఆర్నెల్లయినా చొరవ రాలేదని నాగవేణి గారి బాధ. ఆ గొంతులో కోపం కన్నా బాధే ఎక్కువ వినిపించింది. నాకు తెలిసిన అర్థాలు నేను చెప్పెయ్యబోయాను. మాస్టారు నా వైపు చూడకుండానే చెయ్యెత్తి ఆపి, పూతరేకుల సంగతి ఎత్తుకున్నారు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయన ఆత్రేయపురం పక్క ఊళ్లో సూరమ్మ అనే ఆవిడ ఇంట్లో ముందుగది అద్దెకి తీసుకున్నారట. సూరమ్మ వెనక సావిట్లో రేకులు వేసేది. కుండ బోర్లించి, లోపల కొబ్బరాకు మంట పెట్టి, పల్చటి పిండిజావలో ముంచిన గుడ్డని ఆ వేడి కుండ మీద ఒక్క లాగు లాగాలి. రెప్పపాటులో రేకు విడివడి వస్తుంది. చెయ్యి కాస్త తడబడిందా, చిరుగుతుంది. ఆ పని నేర్చుకోవడానికి రత్నమాణిక్యం అనే మనిషి చేరింది. అంతకుముందు రొయ్యల షెడ్డులో పనిచేసేది. ఐసులో నాని నాని వేళ్లు పుళ్లు పడితే మానేసి వచ్చింది. ఇక్కడ కుదరకపోతే మళ్లీ ఆ ఐసే గతి.

సూరమ్మ నోటితో నేర్పే రకం కాదు. తను చూసి నేర్చుకుంది, ఎవరైనా అలాగే నేర్చుకోవాలంటుంది. రత్నమాణిక్యం కళ్లప్పగించి చూసింది. సూరమ్మ గుడ్డ ఎలా పట్టుకుంటే తనూ అలాగే పట్టుకుంది, మణికట్టు ఎలా తిప్పితే అలాగే తిప్పింది. అయినా నెల తిరిగేసరికి కూడా సగం రేకులు ముక్కలే. ఆ ముక్కలన్నీ మాస్టారు పాలల్లో వేసుకుని తినేవారట. ఆ నెల్లో కాస్త ఒళ్లు చేశానని కూడా చెప్పారు.

చివరికి ఓ సాయంత్రం సూరమ్మ రేపట్నుంచి రావద్దని చెప్పేసింది. రత్నమాణిక్యం రేపటి మంటకి ఆకులు కొట్టిపెట్టి పోతానని, కత్తి తీసుకుని కూర్చుంది. ఒక్కో దెబ్బకి ఎండుకొమ్మ సమంగా తెగిపడుతోంది. సూరమ్మ కత్తి పట్టిన చేతికేసి చూసింది.

"నీది కుడిచేతి వాటమా?"

"అవునత్తా. రేకు మాత్రం ఎడమచేత్తో లాగాలి కదా."

సూరమ్మది పుట్టుకతో ఎడమచేతి వాటం. తనలాంటి మనిషే దొరికిందని ఆ నెల్లాళ్లూ ఆవిడ లోలోపల మురిసిపోయిందట. అందుకే ఆ చిరుగుల్ని అన్నాళ్లు భరించింది కూడా. ఆవిడ చల్లారుతున్న కుండకేసి చూస్తూ, "అడుగుతావనుకున్నానే," అంది.

"చెప్తావనుకున్నానత్తా," అంది రత్నమాణిక్యం.

మాస్టారు అంతటితో ఆపేశారు. ఆ తర్వాత ఆవిడ ఏమైందండీ అని నేనే అడిగాను. "మర్నాటి నుంచి కుడిచేత్తో లాగింది. నాకే పాలల్లోకి ముక్కలు దొరకలేదు," అన్నారు.

మేం నవ్వాం. నాగవేణి గారు నవ్వలేదు. ఒళ్లోని ఫారాన్ని అరచేత్తో సాపు చేశారు. ఆవిడ మొహం చూస్తే నాకు జాలేసింది.

"చేరిన రోజు నేనే అన్నానండి, నేను చెప్పేదాకా దేన్నీ ముట్టుకోవద్దని," అన్నారావిడ. "ఆ తర్వాత ఇంక ముట్టుకోమని చెప్పలేదు."

మాస్టారు చెయ్యి చాపి ఆ ఫారం అందుకున్నారు. డబ్బాలోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని, పైనుంచి కిందిదాకా తీరిగ్గా చదివారు. వెనక్కి తిప్పి అటువైపు కూడా చూశారు. తిరిగి ఆవిడ చేతికిస్తూ అన్నారు:

"ఆ పిల్ల పేరుకి చోటుంచారు, బాగానే ఉంది. ఎదురుచూసినవాళ్ల పేరు ఎక్కడ రాస్తారమ్మా?"