రెండు సెక్షన్ల సగటు

అప్పలస్వామి మాస్టారికి ఒక అలవాటు ఉండేది. లెక్క అడిగితే లెక్క చెప్పేవారు. లెక్క కాని ప్రశ్న అడిగితే మాత్రం జవాబు చెప్పేవారు కారు. కళ్లద్దాలు తీసి పంచె చెరగుతో తుడుచుకుంటూ, అడిగినవాళ్లకే ఏదో ఒక పని పురమాయించేవారు. ఆ పని చేస్తూండగా ఎప్పుడో ఒకప్పుడు జవాబు ఎదురయ్యేది. కొందరికి ఎదురయ్యేది కాదు. అలాంటివాళ్లను పిలిచి మళ్లీ చెప్పడం కూడా ఆయనకు అలవాటు లేదు.

నాగావళి ఒడ్డున ఒక చిన్న పట్టణంలో ఆయన హైస్కూలు లెక్కల మాస్టారు. ఒక ఏడాది జిల్లాలో బడిపిల్లల కోసం గణిత సదస్సు పెట్టారు. ఒక్కో బడీ ఒక్క వ్యాసమే పంపాలి. విషయం పిల్లలే ఎంచుకోవాలి, దాన్ని పిల్లలే పెంచి పెద్దచెయ్యాలి. పుస్తకంలో ఉన్నది ఎత్తిరాస్తే చెల్లదు. పదో తరగతి ‘బి’ సెక్షనులో ఇద్దరు ఆడపిల్లలు పేర్లిచ్చారు. ఒకరు హైమవతి, రెండోవారు ఎస్తేరు. బడి వదిలాక ఇద్దరూ మాస్టారి గదిలో చెరొక బల్లమీద కూర్చునేవారు.

హైమ మొదట ‘ఏ’ సెక్షను పిల్ల. మూడునెలల పరీక్షలయ్యాక ఆ గదిలో చోటు చాలడంలేదని హెడ్మాస్టరుగారు ఒక్కర్ని ‘బి’కి మార్చారు. చివరి బెంచీ అంచున కూర్చున్నది కాబట్టి హైమను లేవమన్నారు, అంతే తప్ప మరో కారణం లేదు. ఆ పిల్ల మాత్రం అలా అనుకోలేదు, మార్కులు చాలకే దించేశారనుకుంది. సంగతి ఇంట్లో చాలారోజులు దాచింది. ‘ఏ’లో అందరిలో ఒకతె అయినది, ‘బి’లోకి వస్తూనే మొదటిది అయింది. ఆ మొదటి స్థానాన్ని ఎవరైనా లాక్కుపోతారేమోనని కంటికి రెప్పలా కాచుకునేది. ఎస్తేరుకు మార్కులు అంతగా వచ్చేవి కావు. అందుచేత ఆమెవైపు నుంచి ప్రమాదం ఉంటుందని హైమ కలలో కూడా అనుకోలేదు.

హైమ ఎంచుకున్న విషయం ‘సగటు’. ఆ పాఠంలో ఆమెకు తెలియని సూత్రం లేదు, తప్పు వచ్చే భయమూ లేదు. ఎస్తేరు ఎంచుకున్నది క్యారమ్‌బల్ల. వాళ్ల అన్నలు చర్చి వెనక గదిలో ఆడుతూంటే చూసిందట. బల్ల చదరంగా కాకుండా పొడుగ్గా ఉంటే, ఒక మూలనుంచి సరిగ్గా నలభైఐదు డిగ్రీల వాలుగా కొట్టిన స్ట్రైకరు గోడలకు తగిలి తగిలి చివరికి ఏ కన్నంలో పడుతుంది అన్నది ఆమె ప్రశ్న. ఆ ప్రశ్న విన్ననాడు మాస్టారు కుర్చీ జరుపుకుని ఎస్తేరు బల్ల దగ్గరకు వెళ్లారు. గళ్లకాగితం మీద గీతలు గీస్తూ ఇద్దరూ ఎంతసేపో మాట్లాడుకున్నారు. హైమ రాసింది చూసినప్పుడు మాత్రం, “బాగుందమ్మా, తప్పుల్లేవు,” అని తిరిగి ఇచ్చేశారు.

ఆ రోజునుంచి హైమకు తన కాగితం కంటికి ఆనడం మానేసింది. ఎస్తేరు పెన్సిలు కదిలితే ఈమె చెవి అటే పోయేది. ఎస్తేరు నవ్వితే ఏదో దొరికిందనుకునేది, నవ్వకపోతే ఇంకా పెద్దదేదో దొరికిందనుకునేది. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. హైమకు పొరుగింటి పొయ్యిమీద పొగ కూడా రుచిగానే ఉంది. చివరికి ఒక సాయంత్రం ఉండబట్టలేక మాస్టారి బల్ల దగ్గరకు వెళ్లి నిలబడింది.

“మాస్టారూ, మంచి విషయాలు కొందరికే ఎలా దొరుకుతాయండి?”

ఆయన కళ్లద్దాలు తీశారు. “ఎస్తేరుది మంచి విషయమంటావా?”

“అవునండి. నాదాంట్లో ఏముందండి, కూడి భాగించడమేగా.”

“అయితే నీకు కావాలా?”

హైమ ఆ మాటకు సిద్ధంగా లేదు. అయినా వద్దని చెప్పడానికి నోరు రాలేదు. మాస్టారు ఎస్తేరును పిలిచి సంగతి చెప్పారు. ఎస్తేరు తన గళ్లకాగితాలు తెచ్చి బల్లమీద పెట్టింది. “ఇస్తానండి. మరి నేను దేనిమీద రాయాలి?” అంది.

“హైమ వదిలేసినది ఉందిగా,” అన్నారాయన.

కోరినది చేతికి వచ్చాక హైమ కొన్నాళ్లు గాలిలో తేలింది. గళ్లకాగితం మీద రకరకాల పొడవు వెడల్పులతో బల్లలు గీసింది. పొడవూ వెడల్పూ పూర్తి అంకెలైతే స్ట్రైకరు ఎప్పటికైనా ఏదో ఒక మూలకు చేరి తీరుతుందని, ఆ దూరం ఆ రెండంకెల కనిష్ఠ సామాన్య గుణిజంతో తేలుతుందని పైతరగతుల్లో చదివే మేనమామ కొడుకు చెప్పాడు. ఆమె దాన్ని ఎర్రసిరాతో డబ్బా కట్టి రాసింది. దానితో అయిపోయింది. ఆ తరువాత ఏం అడగాలో ఆమెకు తోచలేదు. మాస్టారు కాగితాలు చూసి, “తరువాత?” అన్నారు. హైమ కాగితాలు తీసుకుని తన చోటుకు వచ్చేసింది. అదే ‘తరువాత?’ ఎస్తేరును అడగవలసిన అవసరం ఆయనకు ఎప్పుడూ రాలేదన్నది గుర్తొచ్చి ఎస్తేరు బల్లవైపు గుర్రుగా చూసింది.

ఎస్తేరు సగటు తీసుకుని ఏవేవో పిచ్చిపనులు చేస్తోంది. తరగతిలో అందరి పాదాలూ కొలిచి, సగటు పాదానికి సరిపోయే చెప్పు ఆ గదిలో ఒక్కరికీ పట్టదని తేల్చింది. అందరూ నవ్వారు. హైమ కూడా నవ్వింది. నవ్వాక, ఇది నాకెందుకు తట్టలేదా అనుకుంది. విషయం మార్చుకున్నాక కూడా తన చూపు ఎస్తేరు బల్లమీదనే ఉందని ఆమె గమనించలేదు.

ఒకరోజు మధ్యాహ్నం అన్నాల వేళ ఎస్తేరు తనే వచ్చి పక్కన కూర్చుంది. ఆమె ముఖంలో మొహమాటం ఉంది.

“హైమా, నీ సంగతి ఒకటి రాయాలి. నువ్వు ఒప్పుకుంటేనే.”

“నా సంగతేంటి?”

“నిన్ను మార్చారు కదా. మూడునెలల పరీక్ష మార్కులు తీసుకుని రెండు రకాలుగా వేసి చూశాను. నువ్వు ‘ఏ’లో ఉన్నట్టు ఒకసారి, ‘బి’లో ఉన్నట్టు ఒకసారి. నువ్వు వచ్చాక మన సెక్షను సగటు పెరిగింది.”

హైమ ముఖం కాస్త విప్పారింది. “పెరుగుతుంది మరి.”

“వాళ్లదీ పెరిగింది,” అంది ఎస్తేరు. “తప్పనుకుని మళ్లీ మళ్లీ వేశాను. నీ మార్కులు వాళ్ల సగటుకన్నా తక్కువ, మన సగటుకన్నా ఎక్కువ. అందుకని నువ్వు ఆ గదిలోంచి లేచి ఈ గదిలో కూర్చోగానే రెండూ పెరిగాయి. ఎవరికీ ఒక్క మార్కు ఎక్కువ రాలేదు. ఎవరూ కొత్తగా ఏమీ నేర్చుకోలేదు. ఎంత వింతగా ఉందో చూడు.”

హైమకు వింతగా లేదు. తను వెళ్లిపోతే ‘ఏ’ సెక్షను బాగుపడిందన్న ముక్క ఒక్కటే చెవిలో పడింది. ఇన్నాళ్లూ ఎవరికీ తెలియకూడదనుకున్నది అంకెలతో సహా బయటపడింది. అన్నం ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

“అయితే నేను మళ్లీ అక్కడికి పోతే రెండూ పడిపోతాయి. అంతేనా? ఎవరూ ఏమీ మరిచిపోకుండానే రెండు సెక్షన్లూ మొద్దులైపోతాయి. పోనా మరి?” అంది కసిగా.

ఎస్తేరు కళ్లు పెద్దవయ్యాయి. “ఆ వైపునుంచి నేను ఆలోచించలేదు. అది కూడా రాసుకోనా?”

హైమకు దుఃఖం ముంచుకొచ్చింది. తన విషయం పోయింది, తన పరువు పోయింది, ఆఖరికి తన నోటినుంచి ఉక్రోషంతో వచ్చిన మాట కూడా ఎస్తేరు చేతిలో పడగానే ప్రశ్న అయి కూర్చుంది. చెయ్యి కూడా కడుక్కోకుండా తిన్నగా మాస్టారి గదికి వెళ్లింది.

“మాస్టారూ, నా విషయం నాకు ఇప్పించెయ్యండి.”

ఆయన ఎందుకని అడగలేదు. “ఇచ్చిపుచ్చుకున్నది మీరిద్దరూ. నన్నడుగుతావేం? వెళ్లి ఎస్తేరును అడుగు,” అన్నారు.

అడగడానికి చాలా సేపు పట్టింది. తీరా అడిగాక ఎస్తేరు ఒక్కమాట అనలేదు. అన్నీ దొంతరగా పెట్టి ఇచ్చింది. “నీ సంగతే కదా, నువ్వు రాయడమే సబబు,” అని మాత్రం అంది. హైమ క్యారమ్‌బల్ల కాగితాలు ఆమె ముందు పడేసి తన చోటుకు వచ్చింది. ఈసారైనా గెలిచాననుకుని ఆ రాతలు తిరగేస్తోందో లేదో, వెనకనుంచి ఎస్తేరు గొంతు వినిపించింది.

“మాస్టారూ, పొడవూ వెడల్పూ పూర్తి అంకెలైతే కన్నంలో పడుతుందని హైమ బాగా రాసిందండి. మరి పొడవు అంకెల్లో ఇమడనిదైతేనో? చదరం గీసి, దాని భుజమంత వెడల్పు, ఐమూల కొలతంత పొడవు పెట్టామనుకోండి. అప్పుడు స్ట్రైకరు ఎప్పటికీ ఏ మూలకీ చేరదు కదండీ? అలా తిరుగుతూనే ఉంటుందా?”

మాస్టారి కుర్చీ జరిగిన చప్పుడయింది. హైమ వెనక్కి తిరగబోయి ఆగింది. తల తిప్పితే ఏం కనబడుతుందో ఆమెకు తెలుసు. గుండెలో మంట అలాగే ఉంది, ఒక పిసరు కూడా తగ్గలేదు. అయినా తల తిప్పలేదు. చేతిలో ఉన్న కాగితం మీద తన మార్కులు, తను వదిలి వచ్చిన గది సగటు, తను చేరిన గది సగటు ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. వాటిని చూడటానికే మనసు ఒప్పలేదు. చాలాసేపటికి పెన్సిలు తీసి, ఈ రెండు సగటుల మధ్య ఉన్న నాలాంటివాళ్లు ‘ఏ’లో ఇంకా ఎందరున్నారు అని కింద రాసింది. వాళ్లందర్నీ ఒకరి తరువాత ఒకర్ని మార్చుకుంటూ పోతే రెండు సగటులూ ఎందాకా పెరుగుతాయి? ఎక్కడ ఆగుతాయి? ఒక్కొక్కరు కదిలినప్పుడల్లా రెండు సగటులూ కదులుతాయి, నిన్న నాలాగే ఉన్నవాడు ఇవాళ కాకుండా పోతాడు. ఆ సంగతి మేనమామ కొడుకుకు తెలియదు, పుస్తకంలో లేదు. లెక్క ఎంతకీ తెగలేదు. ప్యూను వచ్చి తాళం వేయాలన్నప్పుడు, అంతసేపు అయిందా అని హైమ ఉలిక్కిపడింది.

చివరికి సదస్సుకు వెళ్లింది ఎస్తేరు వ్యాసమే. క్యారమ్‌బల్లమీద ఎన్నటికీ కన్నం చేరని స్ట్రైకరు కథ అది. హైమ వ్యాసం గడువులోపల పూర్తి కాలేదు. చివరి ప్రశ్న తెగకుండా ఉండిపోయింది. అందులో మారిన పిల్ల ఎవరో ఆమె దాచలేదు, తన పేరే రాసుకుంది. ఎస్తేరును బస్సెక్కించి రావడానికి బడి అంతా వెళ్లినప్పుడు ఆమె కూడా వెళ్లింది. చెయ్యి ఊపింది. ఊపుతున్నప్పుడు ఆ బస్సులో కిటికీ పక్కన తాను ఉండవలసిందన్న ఆలోచన రాకపోలేదు.

తిరిగి వస్తూ హైమ మాస్టారి పక్కన నడిచింది. బజారు దాటాక అడిగింది.

“మాస్టారూ, ఆ సగటు సంగతి నాకు జరిగినదండి. విషయం మొదట నా దగ్గరే ఉంది. మరి ఎస్తేరుకు కనబడింది, నాకెందుకు కనబడలేదండి?”

ఆయన నడుస్తూనే కళ్లద్దాలు తీశారు. ఈసారి కూడా ఏదో పని చెబుతారని ఆ పిల్ల ఎదురుచూసింది. ఆయన అద్దాలు తుడుచుకుని పెట్టుకున్నారు.

“అప్పట్లో నువ్వు ఎటు చూస్తూ కూర్చున్నావమ్మా?” అన్నారు.