కంబళితో కాచిన టీ

గవరయ్య ఇంట్లో ముగ్గురే. గవరయ్య, పెళ్ళాం సూరీడమ్మ, తమ్ముడు పైడిరాజు. ఊరందరికీ పంచినా తరగనంత తెలివి తమ దగ్గరుందని వాళ్ళ నమ్మకం. వానొస్తే గొడుగు తడిసి పాడవుతుందని చొక్కాలో దాచుకుని తడుస్తూ వచ్చే రకం గవరయ్య. "చూశావా, గొడుగు ఎంత పొడిగా ఉందో" అని పెళ్ళానికి చూపించి మురిసిపోయేవాడు. ఆవిడా మురిసిపోయేది.

గవరయ్య మేనమామ బంగారయ్యకి రైలు గేటు పక్కన టీ హోటలుంది. మోకాళ్ళ నొప్పులతో ఇక నడపలేక, ఒకరోజు పొద్దున్నే ముగ్గుర్నీ పిలిచాడు. "నేను పెళ్ళికెళ్ళి సాయంత్రానికి వస్తా. ఇవాళ్టికి హోటలు పరువు నిలబెట్టండి, తాళంచెవి మీకే ఇచ్చేస్తా. లేదంటే ఎవరికో అమ్మేస్తా" అన్నాడు. గవరయ్య అప్పుడే చొక్కా చేతులు మడిచాడు. పుట్టి బుద్ధెరిగాక అతన్ని నమ్మి ఎవరూ ఏదీ అప్పగించలేదు మరి.

"స్టీలు గ్లాసు టీలో వేడి లాగేసి చెయ్యి కాలుస్తుంది, గాజు గ్లాసుల్లో పొయ్యండి. కొయ్యకి వేడి ఎక్కదు, కొయ్య పిడి గరిటే పట్టుకోండి. కాచిన టీ మీద కంబళి కప్పితే గంటసేపు వేడిగా ఉంటుంది" అని చెప్పి బంగారయ్య బస్సెక్కాడు.

గవరయ్య అదంతా బట్టీ పట్టేశాడు. సూరీడమ్మ పొయ్యి మీద స్టీలు గిన్నె పెట్టబోతే చెయ్యి పట్టుకున్నాడు.

"స్టీలు వేడి లాగేస్తుందని మావయ్య చెప్పాడా లేదా? ఇక టీకేం మిగులుతుంది?"

"మరి దేంట్లో కాద్దాం?"

"కొయ్యలో. అది తనకంటూ వేడి ఉంచుకోదు, అంతా టీకే వదిలేస్తుంది."

అంతే, బియ్యం కొలిచే కొయ్య కుంచంలో పాలు పోసి మంట మీద పెట్టారు. ఇంకేముంది, కుంచం అంటుకుంది, పాలు పొయ్యిలో పడ్డాయి, పొయ్యి ఆరింది, హోటలంతా పొగ. "వేడి ఎక్కదన్నాడు గానీ, మంట అంటుకోదనలేదు కదయ్యా" అంది సూరీడమ్మ. ఆవిడ తెలివికి గవరయ్య మురిసిపోయాడు.

బల్లల దగ్గర లారీ డ్రైవర్లు టీ కోసం ఒకటే గోల. తడిసిన పొయ్యి ఎంత ఊదినా రాజుకోదు.

"పొయ్యెందుకన్నా?" అన్నాడు పైడిరాజు. "చలికాలం నన్ను వెచ్చబెట్టేది కంబళే కదా. నేనేమన్నా పొయ్యి మీద పడుకుంటున్నానా?"

గవరయ్య తమ్ముణ్ణి కావలించుకున్నాడు. అంతే, పచ్చిపాలలో టీపొడి, పంచదార కలిపి, బిందెకి నాలుగు కంబళ్ళు చుట్టి, ముగ్గురూ గుడ్లు పొదిగే కోళ్ళలా దాన్ని కరుచుకుని కూర్చున్నారు. గంట తర్వాత తీస్తే టీ చల్లగానే ఉంది, వీళ్ళకి మాత్రం చెమటలు కారుతున్నాయి. "టీకి రావలసిన వేడంతా మనమే కాజేశాం" అని గవరయ్య నొచ్చుకున్నాడు. డ్రైవర్లు తిట్టుకుంటూ లేచిపోయారు.

ఇంతలో సోడాల కోసం ఐసుగడ్డ వచ్చింది. రంపపు పొట్టు పోసి గోనెపట్టాలో చుట్టి తెచ్చారు. "ఇంత ఎండలో దీనికి దుప్పటి కప్పుతారా, ఉడికిపోదూ" అని సూరీడమ్మ జాలిపడి పట్టా విప్పేసింది. గడ్డ లోపలి వేడిని స్టీలు లాగేస్తుందని గవరయ్య దాన్ని స్టీలు పళ్ళెంలో కూర్చోబెట్టాడు. ఇంకేముంది, చూస్తూ చూస్తుండగానే గడ్డ మాయం, పళ్ళెం నిండా నీళ్ళు.

సాయంత్రం బంగారయ్య వచ్చాడు. పొగ చూశాడు, మాడిపోయిన కుంచం చూశాడు, ఖాళీ బల్లలు చూశాడు. లోపలి బెంచీ మీద కూలబడ్డాడు. "తాళం వేసి పొండిరా. మళ్ళీ నా కంటికి కనపడకండి" అన్నాడు నీరసంగా.

తాళం మనల్నే వెయ్యమన్నాడంటే హోటలు మనదేనని గవరయ్యకి కళ్ళనీళ్ళు తిరిగాయి. అంతే, మేకుకున్న తాళంచెవి తీసుకుని ముగ్గురూ బయటికొచ్చి తలుపుకి పెద్ద ఇనప తాళం వేసేశారు, లోపల మావయ్య ఉండగానే.

"ఒరే, తలుపు తియ్యండిరా, పొగా ఉక్కా, ఉడికి చచ్చేలా ఉన్నాను" అని లోపల్నుంచి బంగారయ్య తలుపు బాదాడు.

సూరీడమ్మ కంగారుపడింది. గవరయ్య తాళంచెవి మొలతాడుకి కట్టుకుంటూ, "భయం లేదే. స్టీలైనా ఇనుమైనా ఒకటే జాతి. లోపలి వేడంతా ఆ తాళమే లాగేస్తుంది, పొద్దుటికి మావయ్య చల్లగా ఉంటాడు" అని ఇంటికి దారితీశాడు.