తల తిప్పని చిటికె

చింతకొమ్మదుర్గం ఏలే నరసరాజుకి ఆ ఏడాది కుక్కల ఆటల పిచ్చి పట్టింది. దసరాకి పొరుగు దొరలందరూ చూస్తుండగా తన కుక్క చిటికె ఏడు వలయాల్లోంచి వరసగా దూకి, చివర్న పాతిన జెండాని నోట కరుచుకు రావాలి.

దసరాకి నెల ముందు సభవారందరినీ పిలిచి ఓసారి చూపించబోయాడు. చిటికె మూడు వలయాలు దూకింది. నాలుగో దాని దగ్గర ఉడత కనబడింది. అంతే, కుక్క ఉడత వెంట పోయి, మంత్రిగారి ఫలహారం పళ్ళెం మీదుగా తిరిగొచ్చింది.

రాజు మొహం మాడిపోయింది. ఇలాంటప్పుడు నోరు తెరవకుండా ఉండలేని మనిషి ఆస్థాన అవధాని కేశవభట్టు. ఎనిమిది మంది ఎనిమిది వైపుల నుంచి పీకుతున్నా పద్యం ఆపడు. మధ్యలో ఎవరో కొట్టే గంటలకి కూడా లెక్క చెబుతాడు. ఆ సంగతి రోజుకోసారి గుర్తు చెయ్యకపోతే ఆయనకు అన్నం సయించదు. ఏకాగ్రత పుట్టుకతో రావాలనీ, కుక్కకీ దాన్ని సాకే ఓబులమ్మకీ అది ఎక్కణ్ణుంచి వస్తుందనీ, దాన్ని అడవికీ ఈమెను దుర్గం బయటికీ పంపడం మేలనీ సెలవిచ్చాడు.

రాజు మూడు వారాలు గడువిచ్చాడు. ఆ రోజు సభలో చిటికె మళ్ళీ ఆడి చూపాలి.

తల్లి చచ్చిన కూనని పాలగుడ్డ చీకించి పెంచింది ఓబులమ్మ. అడవిలో అది ఒక్క రాత్రి కూడా బతకదు. భయపడుతూనే ఒక మాట అడిగింది.

"ఆ రోజు భట్టుగారి అవధానం కూడా పెట్టించండి ప్రభూ. మా కుక్క ముందు ఏమేం అడ్డు పెట్టాలో అయ్యగారు చెప్తారు. అయ్యగారి ముందు పెట్టేది ఒక్కటి నేను చెప్తా. తల తిప్పినోళ్ళు దుర్గం దాటాల."

రాజు సరేనన్నాడు, భట్టు పకపకా నవ్వి ఒప్పుకున్నాడు.

మూడు వారాలూ ఓబులమ్మ నడుముకి మేక కార్జం ముక్కల సంచి కట్టుకు తిరిగింది. ఉడతని బోనులో పెట్టి దొడ్డి ఆ చివర ఉంచింది. చిటికె అటు చూస్తే తిట్టలేదు, కొట్టలేదు. చూపు మళ్ళించి తన మొహం చూసినప్పుడల్లా ఒక ముక్క పెట్టింది. రోజుకి రెండడుగుల చొప్పున బోను దగ్గరికి జరిపింది. ఆ తర్వాత డప్పులు తెప్పించింది. చివరికి ఎముక ఎదురుగా పడేసినా, చిటికె ముందుగా ఓబులమ్మ మొహమే చూడసాగింది.

ఆ రోజు రానే వచ్చింది. భట్టు డప్పులు మోగించాడు, ఉడతల్ని వదిలించాడు, మేక తొడని నాలుగో వలయానికి వేలాడదీయించాడు. చిటికె చెవులు ఊపింది గానీ తల తిప్పలేదు. ఏడు వలయాలూ దూకి జెండా తెచ్చి ఓబులమ్మ చేతిలో పెట్టింది. ఆమెకి కళ్ళనీళ్ళు ఆగలేదు.

తర్వాత భట్టు కూర్చున్నాడు. పద్యాలు ధారగా సాగుతున్నాయి, గంటలు మోగుతున్నాయి. ఓబులమ్మ గుమ్మం వైపు సైగ చేసింది. వెండి పళ్ళెంలో జరీ శాలువా పట్టుకుని ఒక నౌకరు లోపలికొచ్చి, భట్టు వైపు కాకుండా మూలన కూర్చున్న ఒక కుర్రకవి వైపు నడిచాడు.

భట్టు కళ్ళు అటు వెళ్ళాయి. వెనకే మెడ, దాని వెనకే భుజాలు వెళ్ళాయి. పద్యం మూడో పాదంలో ఆగిపోయింది.

గంటలెన్ని కొట్టారని రాజు అడిగాడు.

"గంటలా?" అన్నాడు భట్టు.

దుర్గం దాటాల్సింది ఎవరో తేలిపోయిందన్నాడు రాజు. అప్పుడు ఓబులమ్మ చేతులు జోడించింది.

"పంపొద్దు ప్రభూ. మూడు వారాలు నా దొడ్లో వదలండి. శాలువా ముక్కు ముందు ఆడించినా తల తిప్పకుండా నేర్పిస్తా. కార్జం ముట్టరు కాబట్టి, చక్కెరపొంగలి పెడతా."

సభ గొల్లుమంది. రాజు కడుపు పట్టుకుని నవ్వి, భట్టుని క్షమించి, ఆ శాలువా ఓబులమ్మకే కప్పమన్నాడు. చిటికెకి బతికినన్నాళ్ళూ అంతఃపుర వంటశాల నుంచి కార్జం పంపమన్నాడు.

నౌకరు పళ్ళెంతో ఓబులమ్మ దగ్గరికి నడిచాడు. చిటికె ఆమె మొహమే చూస్తూ కూర్చుంది. భట్టుగారి తల మాత్రం శాలువాతో పాటే మెల్లగా తిరిగింది.