మోకాలి ఊళ్లో పాము కుబుసం

ఒక చుక్కల లేడి ఎడమ మోకాలి లోపల చిన్న ఊరు ఉండేది. ఎముకకీ ఎముకకీ మధ్య నున్నటి తెల్ల నేల, దాని మీద ఎప్పుడూ ఆరని నీటి పొర, చుట్టూ పల్చటి గోడ. ఆ గోడ నేసేది పడుగమ్మ అనే సాలీడు. ఊరికి కాపలా కుక్కలు. అవి నెత్తుటి కాలువల వెంట తిరుగుతూ ఎవరు కేకేస్తే అక్కడ వాలేవి. లేడి గెంతినప్పుడల్లా ఊరంతా ఉయ్యాలలా ఊగేది. ఆ గెంతడం ఆగిన రోజు అందరూ చిరుత నోట్లో పడాల్సిందేనని ఊళ్లో పసివాళ్లక్కూడా తెలుసు.

ఒక వానాకాలం గడ్డిలో పొంచి ఉన్న పిడుదు పురుగు లేడి తొడను కరుచుకుంది. నెత్తురు తాగుతూనే తన కడుపులో దాచుకున్న పామును లోపలికి వదిలింది. పొట్లపాదు నులితీగలా చుట్లు చుట్టుకున్న సన్నటి పాము. ఇదే మనుషులకు వస్తే లైమ్ జబ్బు అంటారట. లేడికి వస్తే పేరు పెట్టే దిక్కెవరు?

పాము మెలికలు తిరుగుతూ మోకాలి ఊళ్లోకి దూరింది. పడుగమ్మ దాన్ని చూసింది.

"భైరన్నా! పాము! పాము!" అని గొంతు చించుకుంది.

భైరడు కుక్కల పెద్ద. తన వాళ్లను వెంటేసుకుని ఒక్క ఉదుటున వచ్చాడు. కాసేపటి పెనుగులాట తర్వాత పాము నడుం అతని పళ్ల మధ్య చిక్కింది. అది చస్తూ కూడా నవ్వింది.

"ఎందుకే నవ్వుతావ్?" అన్నాడు భైరడు.

"నాకు కోరల్లేవు నాయనా. ఈ ఊరిని కూల్చడం నా వల్ల కాదు. నీకు పళ్లున్నాయిగా, మిగతా పని నువ్వు చూసుకుంటావులే" అని పాము కళ్లు మూసింది.

చచ్చేవాళ్ల మాటలు ఎవరు పట్టించుకుంటారు? భైరడు తోక పైకెత్తుకుని తిరిగాడు. ఊరంతా హమ్మయ్య అనుకుంది, ఒక్క పడుగమ్మ తప్ప. ఆమెకు కునుకు పడితే ఒట్టు. గోడ కదిలినా పామే, నీరు కదిలినా పామే.

ఒక మధ్యాహ్నం చిరిగిన గోడను అల్లుకుంటుంటే నేల పగులులో సన్నగా, చుట్లు చుట్టుకుని ఏదో మెరిసింది. దగ్గరికెళ్లి చూసే ధైర్యం లేక, గట్టిగా కళ్లు మూసుకుని అరిచేసింది.

"అన్నా, ఇంకో పాము!"

ఈసారి కుక్కలు మందలుగా వచ్చాయి. వాటితోపాటు నీరూ వచ్చి పడింది. వచ్చిన ప్రతి కుక్కా పగులులో మూతి పెట్టడం, "వాసన! వాసన!" అని మొరిగి ఇంకొన్నిటిని పిలవడం. ఊరు ఉబ్బిపోయింది. బయట లేడి కుంటడం మొదలుపెట్టింది.

కుక్కల్లో ముసలిది నెమ్మక్క. పోట్లాట చెయ్యి దాటితే ఇక చాలించమని చెప్పడం ఆమె పని. గుంపును తోసుకుంటూ పడుగమ్మ దగ్గరికొచ్చింది.

"నువ్వు కళ్లారా చూశావటే?"

"లేదక్కా. భయమేసింది."

"ఇప్పుడైనా చూడు. నేనున్నానుగా, పద."

పడుగమ్మ ఎనిమిది కాళ్లూ ఒక్కొక్కటే కదుపుతూ పగులులోకి దిగింది. ముందుకాలితో తాకింది. కదల్లేదు. ఊదితే ఎగిరేలా ఉంది. లోపల పాము లేదు, అది ఉత్త కుబుసం. పాము బతికుండగా విడిచినవి పగుళ్ల నిండా ఇరుక్కుని ఉన్నాయి. చచ్చేముందు పాము ఎందుకు నవ్విందో అప్పుడర్థమైంది పడుగమ్మకు.

"భైరన్నా, ఆపండి! పాము లేదు, కుబుసమే!"

"వాసనుందా లేదా?"

"ఉంది గానీ..."

"వాసనుంటే పామున్నట్టే. మమ్మల్ని పిలిచింది నువ్వే కదమ్మా?"

"నేనే. పిరికిదాన్ని, చూడకుండా అరిచాను. నీ కాళ్లు పట్టుకుంటానన్నా, ఒక్కసారి నీ కాళ్ల కింద నేల చూడు!"

"సరే. ఇంకెక్కడా పాము లేదని పూచీ ఇస్తావా? రేపు నిజంగా లేచిందంటే ఊరి చావు ఎవరి నెత్తిన?"

పడుగమ్మ తటపటాయించింది. అలాంటి పూచీ ఎవరు మాత్రం ఇవ్వగలరు? ఆ తటపటాయింపు చాలు భైరడికి.

"తవ్వండ్రా!" అన్నాడు.

నున్నటి తెల్ల నేల గోళ్ల కింద పెచ్చులు పెచ్చులుగా లేచింది. కుబుసం ముక్కలైంది, ప్రతి ముక్కకీ అదే వాసన. ముక్క పడ్డ చోటల్లా మళ్లీ తవ్వాయి. నెమ్మక్క "చాల్రా, చాలు!" అని అరుస్తూనే ఉంది. ఆ మొరుగుళ్లలో ఆమె గొంతు ఆమెకే వినపడలేదు.

సాయంత్రం బయట లేళ్ల మంద వాగులో నీళ్లు తాగుతోంది. ఉన్నట్టుండి ఒక జింక కాలితో నేలను తన్ని కూత పెట్టింది. అంతే, మందంతా పరుగు తీసింది. మన లేడి కూడా గెంతబోయింది. మోకాలు వంగలేదు.

ఊరు ఊరంతా పక్కకు ఒరిగిపోయింది. పైనుంచి చిరుత రొప్పు దగ్గరగా, ఇంకా దగ్గరగా వినిపించింది. కుక్కలన్నీ ఒక్కసారిగా మొరగడం మానేశాయి.

"ఎక్కడ... ఎక్కడ శత్రువు? చూపించండి, చీల్చేస్తాను" అన్నాడు భైరడు.

"బయటుంది. నీ పళ్లు అందవు" అంది నెమ్మక్క. "దాన్నుంచి మనల్ని దాటించేది ఈ మోకాలొక్కటే నాయనా. దాన్ని నువ్వే కొరికేశావు."

భైరడు తల వంచి, మొదటిసారి తన కాళ్ల కింద నేల చూశాడు. అంతలో లేడి మీద చిరుత బరువు పడింది.

పోయిన శత్రువును వెతుకుతూ పళ్లు నూరేవాడు చివరికి తన ఇంటినే కొరుక్కుంటాడు.