పదకొండు పేర్లు

వేటకెళ్లి సముద్రం నుంచి తిరిగిరాని జాలర్ల పేర్లన్నీ శంభుగిరిస్వామి ఆశ్రమం వెబ్‌సైటులో ఒక పేజీలో ఉండేవి. పేరు నొక్కితే ఫొటో రావాలి. కొన్ని పేర్లకు రావడం లేదు. వాటి లింకుల్లో చిరునామా చివర పెట్టాల్సిన కొటేషన్ గుర్తు ఎవరో మరిచిపోయారు.

ఒక్కొక్కటీ వెతికే ఓపిక శిష్యుడు తారకేశుకు లేదు. పైగా కొత్తగా రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు నేర్చుకున్నాడు. ఫలానా రకం అక్షరాల వరస ఎక్కడున్నా పట్టుకోమని కంప్యూటరుకు చెప్పే సూత్రాలవి. అలాంటిది ఒక్కటి రాశాడు. చెడిన లింకులు క్షణంలో దొరికాయి, మారిపోయాయి కూడా. ఇంక అతని కాళ్లు నేల మీద లేవు.

"ఏమేం మారాయో చూశావా నాయనా?" అని అడిగారు శంభుగిరిస్వామి.

"చూడక్కర్లేదు స్వామీ. సూత్రమే చూసుకుంటుంది."

మూడోనాడు జాలరిపేట నుంచి పోలమ్మ వచ్చింది. చేపలగంప గుమ్మం బయట దించి, ఫోను చూపించింది.

"మా గుంటడి పేరు నేదు బాబూ. మొన్నటిదాకా ఉన్నాది. మావేటి తప్పు సేసినాం?"

తారకేశు గబగబా పేజీ తెరిచాడు. ఎక్కడ ఆగాలో అతను సూత్రంలో చెప్పలేదు. అది ఒక కొటేషన్ గుర్తు దగ్గర మొదలుపెట్టి, ఆ వరసలో చిట్టచివరి గుర్తు దాకా పోయింది. మధ్యలో ఉన్న పేర్లన్నీ మింగేసింది. మొత్తం పదకొండు మంది.

అతని ముఖం మాడిపోయింది. దాచి ఉంచిన పాత ప్రతి తీసి పేర్లన్నీ వెనక్కి పెట్టాడు. పోలమ్మ కొడుకు పేరు మీద వేలు ఆనించింది. ఫొటో వచ్చింది. చాలాసేపు చూసి, ఫోను కొంగుతో తుడుచుకుంది.

"తప్పు మీది కాదమ్మా, నాది," అన్నాడు తారకేశు. సిగ్గుతో ఆమె ముఖం చూడలేకపోయాడు.

"పోన్లే బాబూ. ఉన్నాడు గదా," అంటూ ఆమె గంప ఎత్తుకుని వెళ్లిపోయింది.

తారకేశు ఊపిరి పీల్చుకున్నాడు. "పేర్లన్నీ వచ్చేశాయి స్వామీ. ఇంకెవరికీ తెలియదు."

స్వామి లేచారు. ఉత్తరీయం భుజాన వేసుకుని చేతికర్ర అందుకున్నారు.

"ఎక్కడికి స్వామీ?"

"జాలరిపేటకి. ఆవిడ వచ్చి అడిగింది. తక్కిన పది ఇళ్లవాళ్లు, తప్పు తమదేననుకుని ఊరుకున్నారు."